రేణుక మెడ మీద ఎర్ర పెన్ను

ముప్పై ఒక్క ఏళ్లు కవిత్వం పుస్తకాలు దిద్దాను. పంజాగుట్ట మెయిన్ రోడ్డు వెనక సందులో, రెండో అంతస్తులో ఒక చిన్న ప్రచురణ సంస్థ. కింద జిరాక్స్ షాపు, పైన మేము. మా ఆవిడ చుట్టాలతో "ఆయన ప్రెస్సులో చేస్తారు" అని చెప్పి ఊరుకునేది. అంతకంటే వివరంగా చెప్పినా ఎవరికీ ఎక్కేది కాదు.

ఇప్పుడు ఆ సంస్థ లేదు, నేను రిటైరయ్యాను. మధురానగర్‌లో మా ఫ్లాటుకు అప్పుడప్పుడూ కొత్త ఎడిటర్లు వస్తుంటారు, ఇంకా ఎక్కడో కవిత్వం అచ్చు వేస్తున్న సంస్థల్లో చేరినవాళ్లు. "సార్, కవిత్వం ఎలా దిద్దాలి?" అని అడుగుతారు. టీ ఇస్తాను, ప్రూఫు గుర్తులు చెబుతాను, పంపించేస్తాను. అసలు చెప్పాల్సింది నోటితో చెప్పలేక ఇలా రాస్తున్నాను. ఇందులో నా గొప్పలేమీ లేవు. రెండు తప్పులున్నాయి. మొదటి తప్పు నుంచి నేర్చుకున్న పాఠమే నాతో రెండోది చేయించింది.

అందరి కథ

మా బల్ల మీదికి వచ్చే రాతప్రతుల్లో ఎక్కువ భాగం పురాణాల మీదే ఉండేవి. సీత, కర్ణుడు, ద్రౌపది, ఊర్మిళ. కొత్తలో విసుగొచ్చేది. తెలిసిన కథే మళ్లీ ఎందుకు చెబుతారు, వీళ్లకు సొంత బతుకు లేదా అనుకునేవాణ్ణి. అదెంత తెలివితక్కువ ప్రశ్నో అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. సొంత బతుకు ఉండబట్టే అలా రాస్తారు. "నా మొగుడు నన్ను నమ్మలేదు" అని రాస్తే పక్కింటివాళ్ల ముందు తలెత్తుకోలేని మనిషి, అదే మాట సీత పేరు పెట్టి రాస్తే సభలో శాలువా కప్పించుకోవచ్చు.

ఇందులో ఒక చిక్కుంది. పురాణం అందరిదీ కాబట్టి, అందులో చెయ్యి పెట్టే హక్కు కూడా అందరికీ ఉందనుకుంటాం. ఎవరైనా తన పెళ్లాం చావు గురించి రాసి తెస్తే "ఇక్కడ ఇలా జరగలేదేమోనండీ" అని మనం అనం. శకుంతల గురించి రాసి తెస్తే మొహమాటం లేకుండా అంటాం. నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

రాజమల్లు గారి అభిమన్యుడు

రాజమల్లు గారు సనత్‌నగర్‌లో పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. ఎంత కడిగినా గోళ్ల సందుల్లో గ్రీజు పోయేది కాదు. అభిమన్యుడి మీద దీర్ఘ కవిత రాసి తెచ్చారు. బాగుంది. ఆయనకు పద్మవ్యూహం ఒక పెద్ద మిషన్‌లా కనిపించింది, ఒక్కో వరుసా ఒక్కో గేరులా తిరుగుతుంది. కానీ చివర్లో అభిమన్యుడు అందులోంచి బయటికి వచ్చేస్తాడు. దుమ్ము దులుపుకొని, ఇంటికి వెళ్లి, "అమ్మా, అన్నం పెట్టు" అంటాడు.

నేను ఆ పేజీని అడ్డంగా కొట్టేశాను.

"రాజమల్లు గారూ, అభిమన్యుడు బయటికి రాడండీ. వస్తే ఇక భారతం ఏముంది?"

"తెలుసు సార్. గీ ఒక్క పుస్తకంల రానియ్యున్రి. జర రానియ్యున్రి."

"జనం నవ్వుతారండీ."

ఆయన లేచి నిలబడ్డారు. కాగితాలు సర్దుకున్నారు. కొట్టేసిన పేజీని మాత్రం విడిగా మడిచి చొక్కా జేబులో పెట్టుకొని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. అంకితం పేజీని ముందే తీసి పక్కన పెట్టేవాళ్లం, అది అన్నిటికంటే చివర్లో కూర్చేది కాబట్టి. ఆయన వెళ్లాక ఆ ఒక్క కాగితం నా సొరుగులో మిగిలిపోయింది. నెల తర్వాత కంటపడితే చదివాను. "పనికెళ్లి ఇంటికి రాంగ తొవ్వలనే ఆగిపోయిన మా చిన్నోడికి" అని ఉంది. ఫ్యాక్టరీకి వెళ్లి అడిగాను. కొడుకు లారీ కింద పడి పోయాడని, ఈయన పని మానేసి ఊరెళ్లిపోయాడని చెప్పారు. ఊరి పేరు ఎవరికీ తెలియదు.

అప్పటి నుంచి అంకితం పేజీ ముందు చదవడం అలవాటు చేసుకున్నాను. అంతవరకు బాగానే ఉంది. దాంతోపాటు ఇంకో నిర్ణయానికి కూడా వచ్చాను. దుఃఖంతో రాసేవాళ్లకు ఓదార్పు కావాలి, దాన్ని మనం కొట్టేయకూడదు, వీలైతే మనమే ఇవ్వాలి. ఎవరూ అడగకుండా నేనే తీర్మానించుకున్న ధర్మం ఇది. దీన్ని పట్టుకొని చాలా ఏళ్లు మంచివాణ్ణనుకుంటూ తిరిగాను.

ముకుందరావు గారు

మా యజమాని ముకుందరావు గారిదీ మాలాగే గుంటూరు వైపు కుటుంబం. కవిత్వం మీద ప్రేమ ఉన్న మనిషే, అబద్ధమెందుకు. కానీ ఆయనకు ఒక పట్టుదల ఉండేది. పురాణం మీద రాసిన ఏ పుస్తకమైనా మంగళాంతం కావాలి. అంటే చివరి మాట శుభంగా ఉండాలి. పాత కావ్యాల సంప్రదాయం అది. ఆయనకు సంప్రదాయంతో పాటు ఇంకో కారణం కూడా ఉంది. మా పుస్తకాలు కొట్లలో కంటే గృహప్రవేశాల్లో, షష్టిపూర్తుల్లో ఎక్కువగా పంచేవారు.

"తల తెగిపడే పేజీతో ముగిసే పుస్తకాన్ని తాంబూలంలో ఎలా పెడతారయ్యా?" అనేవారు. "నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

నేను చేసేవాణ్ణి. చెయ్యి తిరిగినవాణ్ణి. ఎవరి గొంతులోనైనా పది పంక్తులు రాసి పెట్టగలను, అతుకు కనిపించదు. ఈ నేర్పును అందరూ మెచ్చుకునేవారు. ఇప్పుడు ఆలోచిస్తే, అతుకు కనిపించి ఉంటేనే బాగుండేది.

కొలతల పుస్తకం

స్వరూపకు అప్పటికి ముప్పై అయిదు దాటి ఉంటాయి. సిరిసిల్ల వైపు నేతవాళ్ల ఇంటి ఆడపిల్ల. అమీర్‌పేటలో లేడీస్ హాస్టళ్ల సందులో కుట్టుమిషన్ పెట్టుకొని ఒక్కతే ఉండేది. కోచింగులకు వచ్చిన అమ్మాయిలకు జాకెట్లు, డ్రెస్సులు కుట్టేది. మే నెలలో కూడా మెడ మూసే కాలరు జాకెట్టే వేసుకునేది. దర్జీ కదా, ఏదో ఫ్యాషన్ అనుకున్నాను.

ఆమె కవితను దుకాణం కొలతల పుస్తకంలోంచి చింపిన కాగితాల మీద రాసి తెచ్చింది. ఒకవైపు ఛాతీ, నడుము, మెడ లోతు. రెండో వైపు రేణుక.

కథ మీకు తెలిసే ఉంటుంది. జమదగ్ని భార్య రేణుక నీళ్లకని వెళ్లి ఆలస్యంగా వస్తుంది. మనసు చెదిరిందని జమదగ్నికి కోపం. తల్లి తల నరకమని కొడుకులకు చెబుతాడు. పరశురాముడు నరుకుతాడు. తండ్రి మెచ్చి వరం కోరుకోమంటే, అమ్మ బతకాలి అంటాడు. ఇంకో మాట కూడా అడుగుతాడు. తనను చంపిన సంగతి అమ్మకు గుర్తుండకూడదు. రెండూ జరుగుతాయి. అందరూ కథను అక్కడితో ముగిస్తారు. స్వరూప అక్కడ మొదలుపెట్టింది.

రేణుక లేస్తుంది. పొయ్యి వెలిగిస్తుంది, నీళ్లు తెస్తుంది. ఆమె రాగానే కొడుకులు తలలు దించుకుంటారు. "ఏమైంది?" అని అడిగితే అందరూ "ఏం కాలేదు" అంటారు. ఆమెకూ ఏమీ గుర్తులేదు. కానీ ఎవరో కట్టెలు కొట్టిన చప్పుడు విన్నప్పుడు, వెనక నుంచి ఎవరైనా పిలిచినప్పుడు, తల దువ్వుకుంటున్నప్పుడు ఒకే మాట వస్తుంది: "మెడకాడ సల్లగున్నది." కవితలో ఆ మాట పంతొమ్మిది సార్లు ఉంది.

"ఇదేం ఆలోచన అమ్మా, నీకెలా తట్టింది?" అని అడిగాను.

"మా దిక్కు రేణుకనే ఎల్లమ్మ అంటరు సార్, తల ఒక్కటే పెట్టి మొక్కుతరు," అంది. "చిన్నప్పటి సంది చూస్తున్న. మొండెం ఎటుపోయింది, దానికేమైంది అని ఒక్కలు సుత అడుగరు."

ఎంత మాట అన్నదో నాకు అప్పుడు తలకెక్కలేదు. బాగా చెప్పావమ్మా అని ఎర్ర పెన్ను తీశాను. అంకితం పేజీ కోసం వెతికాను. లేదు. ఎవరికీ అంకితం ఇవ్వలేదంటే పెద్ద బాధలేవీ లేవన్నమాట అనుకున్నాను.

మా చదువులో పునరుక్తి ఒక దోషం, చెప్పిందే మళ్లీ చెప్పకూడదు. పంతొమ్మిదిలో రెండు ఉంచి, పదిహేడు కొట్టేశాను. ఆ తర్వాత ముకుందరావు గారి మాట ప్రకారం చివరి పేజీ తీసేసి, పన్నెండు పంక్తులు నేనే రాశాను. అందులో రేణుక కొడుకును దగ్గరికి తీసుకొని, "మరచిపోవడమే నాకు దొరికిన వరం నాయనా" అంటుంది. రాజమల్లు గారు జ్ఞాపకం వచ్చారు రాస్తుంటే. ఈసారి ఓదార్పు ఇస్తున్నానని కళ్లు చెమర్చాయి కూడా. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

స్వరూప ఆ పన్నెండు పంక్తులు రెండుసార్లు చదివి, కాగితాన్ని బోర్లించి పెట్టింది.

"గిట్ల అయితే మంచిగుండు సార్," అంది చివరికి.

మెచ్చుకుందనుకున్నాను. అలా జరిగి ఉంటే బాగుండేదని ఆమె అన్నదని అప్పుడు అర్థం కాలేదు. పంజాగుట్టలో ఒక చిన్న హాల్లో సభ పెట్టాం. మాట్లాడినవాళ్లంతా ఆ చివరి పేజీనే పొగిడారు, స్త్రీ క్షమకు మారుపేరని. ఆమెతో అదే చదివించారు. మధ్యలో ఒకచోట ఆగిపోతే మైకు పాడైందేమోనని ఎవరో లేచి సరిచేశారు.

ఆమె మళ్లీ వచ్చిన రోజు

ఏడాదిన్నర తర్వాత ఒక మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, నా కాయితాలు కావాలె."

"ఏ కాగితాలమ్మా?"

"నేను ఇచ్చినయి. మీరు కొట్టెయ్యక ముందుటియి."

"పుస్తకం అచ్చయిపోయింది కదా. ఇప్పుడవి ఎందుకు?"

అప్పుడు కూర్చుంది. కాలరు పై హుక్కు విప్పింది. కుడి చెవి కింది నుంచి గొంతు దాకా తెల్లటి మచ్చ, వేలెడు వెడల్పు.

"నాకు ఇరవై ఏండ్లప్పుడు మా నాయిన చెప్పిండు, మా అన్న చేసిండు," అంది. "ఒక పిలగానితోని మాట్లాడిన అని. బట్ట కోసే కత్తితోని. మా అమ్మ గడపకాడ నిలవడి చూసింది. దవాఖానల మగ్గం మీద పడ్డదని రాయించిన్రు. వాడకట్టు మొత్తం గదే మాట. నేను కాదంటే దీనికి మతి తప్పింది, ఎర్రగడ్డ పిచ్చి దవాఖానల చూపియ్యాలె అన్నరు. మా అమ్మను అడిగితే నాకు యాదికి లేదు బిడ్డా అంటది. ఏండ్లు గడిచినంక నాకే అనుమానమొచ్చింది సార్, నిజంగనే పడ్డనా అని. గందుకే రాసిన. రాసుకుంటే మరువనని."

ఆమె హుక్కు మళ్లీ పెట్టుకుంది.

"మొన్న మా అన్న దుకాణానికి వచ్చిండు. ఇన్నేండ్లకు. చేతుల పుస్తకం. ఎవరో ఇచ్చిన్రట. ఆఖరి పేజీ నాకే సదివి వినిపించి ఏడ్చిండు. 'అన్నీ మరిచినవ్ చెల్లె, మంచిగ రాసినవ్, నా మనసు తేలికైంది' అన్నడు. గా పుస్తకం ఇంట్ల దేవుని కాడ పెట్టిన్రట."

"నువ్వేమన్నావు?"

"నేను గట్ల రాయలే అని చెప్దామనుకున్న. మరేం రాసినవ్ అంటే చెప్పాలె గద. యాదికి రాలే సార్. ఎంత గుంజుకున్నా మీరు రాసినదే నోటికొస్తుంది."

ఆ మాట విన్నాక నేను మునుపటి మనిషిని కాలేకపోయాను. కత్తి పట్టింది వేరేవాళ్లు. అమ్మకు ఇది గుర్తుండకూడదనే రెండో వరం మాత్రం నేనే ఇచ్చాను, అడగకుండానే, కళ్లు చెమర్చుకుంటూ.

కాగితాలు లేవు. అచ్చయిన పుస్తకాల రాతప్రతులను ఏడాదికోసారి తూకానికి వేసేవాళ్లం. గది చిన్నది, ఎక్కడ దాస్తాం? కంప్యూటర్‌లోనైనా ఉందేమోనని డీటీపీ చేసే యాదగిరిని అడిగాను.

"మీరు దిద్దిచ్చినదే నేను టైపు కొట్టిన సార్," అన్నాడు. "ముందుటిది నాదాక రానే రాలే."

ఆ తర్వాత ఆమె దుకాణానికి సెలవున్న రోజుల్లో వచ్చేది. ఇద్దరం నా బల్లకు అటూ ఇటూ కూర్చొని ఆ చివరి పేజీని గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాం. ఏటి ఒడ్డున ముగిసిందని నాకు లీలగా గుర్తుంది. ఆమె ఏదో ఒక పంక్తి చెప్పేది, "గిది నాదేనా సార్, మీదా?" అని అడిగేది. నేను ఏదో చెబితే ఆమె తల అడ్డంగా ఊపేది. కొన్నిసార్లు ఊపేది కూడా కాదు, అలా చూస్తుండేది. ఆరు వారాలు చేశాం. ఏడో వారం రాలేదు. నేను దుకాణానికి వెళితే, "ఇడిసిపెట్టున్రి సార్, మస్తు పనున్నది" అంది.

రెండో ముద్రణలో ఆ పన్నెండు పంక్తులు తీసేద్దామని ముకుందరావు గారిని అడిగాను. "బాగున్న పుస్తకాన్ని ఎందుకయ్యా కెలుకుతావు?" అన్నారు. రెండో ముద్రణ రానే లేదు.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న మీరు నన్ను అడిగేది ఒకటే, ఎంతవరకు దిద్దవచ్చని. నాకు తెలియదు. రాజమల్లు గారి దగ్గర ఓదార్పు కొట్టేసి చెడగొట్టాను, స్వరూప దగ్గర ఓదార్పు రాసి చెడగొట్టాను. అడగండి అని చెప్పవచ్చు. నేను అడిగి ఉంటే ఆమె చెప్పేదన్న నమ్మకం కూడా లేదు. రాతప్రతి మాత్రం పారేయకండి. ఇంటికి తీసుకెళ్లి మంచం కిందైనా పెట్టుకోండి. ఇంతకంటే పనికొచ్చే మాట నా దగ్గర లేదు.

జేబులో కాగితం

పోయిన నెల రైతుబజారు దగ్గర ఒకతను కొబ్బరిబోండాలు కొడుతున్నాడు. కత్తి చప్పుడు వింటూ నిలబడ్డాను. ఉన్నట్టుండి ఆ చివరి పేజీ గుర్తొచ్చింది. ఏటి ఒడ్డున రేణుక పూలదండ వేసుకుంటుంది. వెనక్కి తిరగకుండానే కొడుకును పిలిచి, మెడ వెనక ముడి వెయ్యమంటుంది. పరశురాముడు వస్తాడు. ముడి పడదు. అతని చేతులు వణకడం ఆమెకు నీళ్లలో కనిపిస్తుంది. అంతే, కవిత అక్కడ ఆగిపోతుంది. ఆమె ఏమీ అనదు.

ఇంటికొచ్చి కాగితం మీద రాసి, చొక్కా జేబులో పెట్టుకొని అమీర్‌పేట వెళ్లాను. దారిలో ఒక అనుమానం మొదలైంది. ఇది ఆమె రాసిందేనా? లేక ఇన్నేళ్లూ బాధపడి బాధపడి నేనే కట్టుకున్నదా? ఎవరి గొంతులోనైనా రాయగలనని ముందే చెప్పాను. దుకాణం మెట్లెక్కేదాకా తేల్చుకోలేకపోయాను.

దుకాణంలో మిషన్ పక్కన కుర్చీలో ఒక పెద్దమనిషి కూర్చొని ఉన్నాడు. "మా అన్న సార్," అంది స్వరూప. "బిడ్డ పెండ్లి. జాకెట్లన్నీ నేనే కుడుతున్న." ఆయన లేచి నాకు దండం పెట్టాడు, పుస్తకం వేసిన సారు మీరేనా అని సంతోషపడ్డాడు. పెళ్లికూతురు చేతులు చాపి కొలతలిస్తోంది. స్వరూప గుండ్రటి మెడ జాకెట్టు వేసుకుంది. కాలరు లేదు.

"అత్తా, మెడకేమైంది?" అని అడిగింది ఆ అమ్మాయి.

స్వరూప టేపు కిందికి దించలేదు. గొంతు కూడా తగ్గించలేదు.

"నీ అంతున్నప్పుడు మగ్గం మీద పడ్డ బిడ్డా," అంది.

ఆమె అన్న కిటికీలోంచి బయటికి చూశాడు. స్వరూప నా వైపు చూసింది. ఇది అబద్ధమని మీకూ తెలుసు కదా అన్న సైగ ఆ చూపులో వెతికాను, లేదు. ఇంటికొచ్చిన పెద్దమనిషిని చూసినట్టు చూసింది.

"ఏం సార్, గిట్లొచ్చిన్రు, ఏమన్న పనుండెనా?"

నా చెయ్యి జేబు మీదే ఉంది.

"ఏం లేదమ్మా," అన్నాను.